చీమల మందు నుంచి చట్టసభకు

అమెరికాలో హ్యూస్టన్ నగర శివారు షుగర్ ల్యాండ్. అక్కడ టామ్ డిలే అనే ఆయన ఇళ్లలో చెదలకు, బొద్దింకలకు మందు కొట్టించే చిన్న వ్యాపారం నడిపేవారు. కుట్టే ఎర్రచీమల మీద వాడే మైరెక్స్‌ను కేంద్ర పర్యావరణ సంస్థ నిషేధించడం ఆయనకు మింగుడుపడలేదు. ఆ మందు హానికరమైనదే, అది వేరే సంగతి! సర్కారు ఆంక్షలను తిడుతూనే 1978లో టెక్సాస్ శాసనసభకు గెలిచారు.

ఆ సభ మామూలుగా రెండేళ్లకోసారి, గరిష్ఠంగా 140 రోజులే కూడుతుంది. జీతం నెలకు 600 డాలర్లు. వ్యాపారం మానేస్తే ఇల్లు గడవదు మరి.

1984లో కేంద్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు, 2003లో అక్కడ మెజారిటీ పక్ష నాయకుడయ్యారు. ఎన్నికల నిధుల కేసు చుట్టుకుంది, 2006లో సభ వీడారు. 2010లో దోషిగా తేల్చారు. 2013లో అప్పీలు కోర్టు ఆ తీర్పును కొట్టేసింది.