బుక్కపట్నం కట్టమీద ఒక ధ్వనిపాఠము

గత వేసవిలో బుక్కపట్నమునకు చెందిన విద్యార్థి ఒకడు మమ్ము చూడవచ్చెను. అతడు నగరమున ఒక కళాశాలలో సినిమా, టెలివిజన్, ధ్వనిముద్రణ విద్యలను అభ్యసించుచున్నాడు. మొదటి సంవత్సరము ముగించుకొని సెలవులకు ఇల్లు చేరినాడు. కళాశాల మరల తెరచునాటికి పది నిమిషముల శబ్దచిత్రము నొకదానిని స్వయముగా తయారుచేసి తీసికొని పోవలెనట.

“మా ఊర్లో ఏముంది సార్, రికార్డు చేసేదానికి? చెరువు తప్ప ఏమీ లేదు. స్టూడియో లేదు, మంచి మైకు లేదు. హైదరాబాదులో అయితే అన్నీ ఉండాయి,” అని అతడు వాపోయెను.

మేము వెంటనే బదులు చెప్పలేదు. “రేపు తెల్లవారగనే కట్టమీదికి రా నాయనా, అక్కడ మాట్లాడుకొందము,” అంటిమి. ఆనాడు ఆ కట్టమీద మొదలైన సంభాషణమే నేటి మా ప్రసంగమునకు మూలము.

చిత్రావతీ జలములను నిలుపుటకు విజయనగర ప్రభువుల కాలమున నిర్మింపబడిన ఈ తటాకము, ఉమ్మడి అనంతపురము జిల్లాలోని పెద్ద చెరువులలో ఒకటి. ఊరి పేరులోనే బుక్కరాయల పేరున్నది. 2022 ఏప్రిల్ నుండి ఈ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. వానలు కొరవడిన ఈ సీమలో చెరువు నిండిన ఏడు వేరు, ఎండిన ఏడు వేరు. నిండిన ఏట కట్టమీద వినవచ్చు ధ్వనులు వేరు, ఎండిన ఏట వినవచ్చునవి వేరు. ఇరువది యేండ్లు ఆ కట్టమీద తిరిగిన మన విద్యార్థి ఈ రెంటిలో ఒక్కదానినైనను ముద్రించి యుండలేదు.

ఆనాడు చెరువులో కొంత నీరు కలదు. దూరమున ఒక రజకుడు బండపై బట్టలుతుకుచుండెను. “అతనిని చూడుము, తరువాత వినుము,” అంటిమి. గుడ్డ బండను తాకినది. చప్పుడు వెంటనే రాలేదు. చేయి మరల పైకి లేచుచుండగా చప్పుడు మన చెవిని చేరినది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పయనించును. అతడు మనకు 170 మీటర్ల దూరమున నున్నచో చప్పుడు అరసెకను ఆలస్యముగా వచ్చును. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. కనుక ఆ ఆలస్యము 12 ఫ్రేములు. మన దేశపు టెలివిజన్‌లో సెకనుకు 25 ఫ్రేములు.

ప్రతి షాటు మొదట క్లాప్ బోర్డు కొట్టుట ఎందుకో విద్యార్థి పుస్తకములో చదివియే యున్నాడు. బొమ్మను ఒక యంత్రమున, ధ్వనిని వేరొక యంత్రమున పట్టినప్పుడు, చెక్కలు కలిసిన ఫ్రేమును, చెక్కల చప్పుడును ఒకచోట చేర్చినచో మిగిలినదంతయు తనంతట సరిపడును. పరీక్షలో ఈ సంగతి వ్రాసి అతడు మార్కులు కూడ తెచ్చుకొన్నాడు. కాని రజకుని గుడ్డ బండను తాకినప్పుడే అది తనకు నిజముగా అర్థమైనదని చెప్పెను. మూకీల కాలమున ప్రొజెక్టరు వేగము కొంత హెచ్చుతగ్గులైనను ప్రేక్షకుడు సహించెను. మాట వచ్చిన తరువాత వేగము మారినచో గొంతు మారిపోవును. కావుననే సెకనుకు 24 అను లెక్క స్థిరపడినది. కన్ను క్షమించు తప్పును చెవి క్షమింపదు.

తరువాత హెడ్‌ఫోను పెట్టుకొని రెండు నిమిషములు ఊరక కూర్చుండుమంటిమి. “ఏమీ లేదు సార్, నిశ్శబ్దమే,” అనెను మొదట. కొంతసేపటికి ఒక్కొక్కటిగా లెక్కించెను: అలలు రాళ్లకు తగులుట, తుమ్మచెట్టుపై పిట్టలు, వెనుక పొలములో మోటారు, ఎక్కడనో బస్సు హారను. ఏ స్థలపు నిశ్శబ్దమైనను ఆ స్థలముదే. గదిలో మాట ముద్రించిన పిమ్మట ఆ గది నిశ్శబ్దమును కూడ ఒక నిమిషము ముద్రించి ఉంచుకొనవలెను. ఎడిటింగులో రెండు మాటల నడుమ కోత పడినచోట అతుకు వేయుటకు అదియే నూలు. వేరొక గది నిశ్శబ్దమును తెచ్చి అతికించినచో వినువారికి కారణము తెలియకున్నను ఎక్కడనో చిరుగు కలదని తోచును.

మైకు ఖరీదైనది కాదని అతని చింత. మైకు ధరకంటె మైకు దూరము ముఖ్యము. దూరము రెట్టింపైనచో మాట్లాడువాని ధ్వని తీవ్రత నాలుగవ వంతుకు పడిపోవును. చుట్టునున్న రొద మాత్రము తగ్గదు. చవుక మైకును జానెడు దూరమున పట్టినవాడు, విలువైన మైకును పది అడుగుల దూరమున నిలిపినవానికంటె మంచి పని చేయును. అయితే అతి చేరువ కూడ పనికిరాదు. పకారములు, బకారములు పలికినప్పుడు ఊపిరి తగిలి మైకు దడదడలాడును.

ఇచ్చట మా సొంత తప్పు నొకదానిని చెప్పుకొనవలసియున్నది.

సుమారు పదునైదేండ్ల క్రిందట, ఇటువంటిదే మరియొక చెరువు కట్టమీద, మేము ఒక వృద్ధుడైన నీరుగంటిని ముద్రించితిమి. చెరువు నీటిని పొలములకు పంచువానిని ఈ సీమలో నీరుగంటి అందురు. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెనో, ఏ కయ్యకు ఎంతసేపు నీరు పారవలెనో అతడు వరుసగా చెప్పెను. చీకటి రాత్రి దీపము లేకుండనే, తూములో నీటి చప్పుడు వినియే ఎంత నీరు పోవుచున్నదో తాను చెప్పగలనని, ఆ చప్పుళ్లను నోటితో అనుకరించి చూపెను. మేము మిక్కిలి సంతోషించితిమి. ఎండ తీవ్రముగా నున్నందున హెడ్‌ఫోను తీసి మెడలో వేసికొంటిమి. మైకునకు తొడుగు తెచ్చుటయు మరచితిమి.

తిరిగి వచ్చి విన్నప్పుడు ఆ ముప్పది నిమిషములలో గాలి హోరు తప్ప ఏమియు లేదు. గాలి నేరుగా మైకు పొరను కొట్టినప్పుడు కలుగు ఆ హోరు మాటను మింగివేయును. గీటు దాటి విరిగిపోయిన ధ్వనిని ఏ యంత్రమును తిరిగి తేజాలదు. మరల పోయి ముద్రింతము లెమ్మనుకొంటిమి. ఇతర పనుల వలన సంవత్సరము గడచెను. మేము వెళ్లునప్పటికి ఆ వృద్ధుడు లేడు. అతని కుమారులు బెంగుళూరులో పనిచేయుచున్నారనియు, తూము చప్పుళ్లు ఎరిగినవారు ఇంటిలో ఎవరును లేరనియు తెలిసెను. కొద్ది ధరకు దొరకు స్పాంజి తొడుగు ఒకటి, హెడ్‌ఫోను చెవిమీద నుంచుకొను ఓర్పు ఒకటి: మాకు ఆనాడు లేనివి ఇవి రెండే.

ఈ కథ విని విద్యార్థి చాలసేపు మాటలాడలేదు. అతనిని వెంటబెట్టుకొని ధర్మవరము వైపు పోతిమి.

ధర్మవరము పట్టుచీరలకు పేరెన్నికగన్న ఊరు. ఆ మండలములోనే నిమ్మలకుంట కలదు. తోలుబొమ్మల కళాకారుల గ్రామమది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది. సినిమా విద్య నేర్చువాడు తప్పక చూడదగిన పాఠశాల తోలుబొమ్మలాట. తెల్లని తెర, వెనుక దీపము, నడుమ పారదర్శకమైన తోలుపై రంగుల బొమ్మ. తెరకు ఆనించినచో బొమ్మ గీతలు స్ఫుటముగా నుండును. దీపము వైపు జరిపినచో నీడ పెద్దదై మసకబారును. లెన్సు లేకయే ఫోకసు పాఠము! బొమ్మ నాడించువాడే పద్యము పాడును, సంభాషణము పలుకును. యుద్ధఘట్టమున కాలిక్రింద చెక్కపలకలను దడదడ తొక్కి చప్పుడు పుట్టించును. సినిమా స్టూడియోలో బొమ్మను చూచుచు అడుగుల చప్పుడును, కత్తుల చప్పుడును చేసి ముద్రించు పనికి ఇది తాత వంటిది. రామాయణ కథ సాగుచుండగా కేతిగాడును, బంగారక్కయు ప్రవేశించి నవ్వించుట ఎప్పుడు, తప్పుకొనుట ఎప్పుడు అను కొలత తెలిసినవానికి ఎడిటింగు సగము తెలిసినట్లే. నేడు ఆటలు తగ్గి, ఆ చేతులు ఎక్కువగా దీపపు తొడుగులను, గోడ అలంకారములను చేయుచున్నవి. చేతిపని నిలిచినది, దానితోకూడి సాగిన గొంతు ఎంతవరకు నిలుచునో చెప్పజాలము.

శిక్షణాలయములు అవసరము లేదని మా మాటలకు అర్థము కాదు. పూణేలో ప్రభాత్ స్టూడియో స్థలమున 1960లో స్థాపింపబడిన సంస్థ, 1974 నుండి టెలివిజన్ విద్యను కూడ చేర్చుకొని ఎందరినో తీర్చిదిద్దినది. ఐనను మన సీమవాడే, తాడిపత్రిలో 1912లో జన్మించిన కె. వి. రెడ్డిగారు ఏ సినిమా కళాశాలలోను చదువలేదు. రోహిణీ సంస్థలో క్యాషియరుగా చేరి, నిర్మాణపు పనులన్నియు దగ్గరనుండి చూచి నేర్చుకొన్నారు. 1951లో ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీసిన దర్శకుడాయన. చిత్రీకరణకు ముందే ప్రతి సన్నివేశపు నిడివిని గడియారముతో కొలిచెడివారని ప్రతీతి. లెక్కల పుస్తకము పట్టిన చేతికి ఫిల్ము అడుగుల విలువ తెలియకపోదు.

ఇంకొక దృష్టాంతము. 2008 అక్టోబరు 15వ తేదీన, ఆనాటి మెదక్ జిల్లా జహీరాబాదు ప్రాంతమందలి మాచ్‌నూరులో సంఘం రేడియో ప్రారంభమైనది. దానిని నడుపుటకు పూనుకొన్నవారు పల్లెటూరి దళిత స్త్రీలు. పెద్ద చదువులు లేనివారు రికార్డరు పట్టిరి, మిక్సరు ముందు కూర్చుండిరి, తమ విత్తనముల గూర్చియు, తమ పాటల గూర్చియు తమ మాటలలోనే ప్రసారము చేసిరి. యంత్రము వారికి లొంగినది. వారి మాట యంత్రమునకు లొంగలేదు.

ఈ చివరి వాక్యము మేము పలుకగనే విద్యార్థి తన సంచిలోనుండి రికార్డరు తీసి, “ఇది వినండి సార్,” అని ఇచ్చెను. తన అవ్వను ముద్రించినాడట. వింటిమి. ధ్వని శుభ్రముగానే యున్నది. కాని అవ్వ మాట కొయ్యవలె బిగుసుకొని యున్నది. ప్రతి వాక్యమునకు ముందు తడబాటు. ఏమని అడిగితివంటిమి. “టీవీలో మాట్లాడినట్ల మంచి తెలుగులో చెప్పవ్వా అన్యాను సార్. మన మాట నగరంలో నగుబాటు,” అనెను.

అతని తప్పు కొంత. అతనికి నేర్పినవారి తప్పు ఎక్కువ. ఎన్నో యేండ్లుగా తెరమీద రాయలసీమ మాట వినబడినది కత్తులు దూయు సన్నివేశములలోనే. అదే మాటలో తల్లి బిడ్డకు అన్నము తినిపించునని, రైతు వానకై మబ్బును చూచునని, చెప్పిన చిత్రములు తక్కువ. తరగతి గదిలో తోటివారు నవ్వినందున ఇతడు తన పలుకును మార్చుకొనెను. తరువాత అవ్వ పలుకును కూడ మార్పబోయెను. మా వృత్తిలోనివారము మాకును ఇందు పాలు కలదు. శుద్ధముగా పలుకుట పేరిట మేమును కొన్ని గొంతులను మైకునకు దూరముగా నుంచితిమి.

మరునాడు అతని యింటికి పోతిమి. అవ్వ వాకిట చాటలో వేరుశనగకాయలు వలుచుచుండెను. ఆమెతో దాపరికము లేకుండ చెప్పితిమి: “అవ్వా, మైకు ఇక్కడనే ఉంటుంది. నీ మాట రేడియోవాళ్లు వింటారు. నీకు ఇష్టము లేదంటే ఆపేస్తాము.” ఆమె నవ్వి, “నా మాటలో ఏముండాది నాయనా వినేదానికి? మీ ఇష్టం,” అనెను. కాయలు చిట్లుచుండగా ఆమె కరవు ఏండ్లను గూర్చి, చెరువు మరువ పారిన ఏట ఊరంతయు కట్టమీదికి పోయి చూచిన రాత్రిని గూర్చి చెప్పసాగెను. విద్యార్థి హెడ్‌ఫోను తీయలేదు. ఒక్కసారియు అడ్డు ప్రశ్న వేయలేదు. నలుబది నిమిషములు గడచెను. “మరువ దుమికే సద్దు మా మిద్దె మిందికి వినపడతాండె,” అని ఆమె చెప్పునప్పుడు అతని కన్నులు చెమర్చెను. ఆమె లేచి లోనికి పోయిన తరువాత కూడ అతడు యంత్రము నాపలేదు. వాకిటి నిశ్శబ్దమును ఒక నిమిషము ముద్రించుకొనెను.

ముద్రించుటతో పని తీరదు. ఆనాటి రాత్రియే దానిని రెండు వేరువేరు చోట్ల భద్రపరుపుమంటిమి. ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ తేదీ అను మూడును దానితోపాటు వ్రాసి యుంచుమంటిమి. పేరు లేని టేపు పారవేయబడిన టేపుతో సమానము.

ఆ శబ్దచిత్రము కళాశాలలో ఎన్ని మార్కులు తెచ్చుకొన్నదో మేము అడుగలేదు. మొన్న అతడు ఫోనులో పలుకరించి, ఈసారి సెలవులలో చుట్టుపట్ల చెరువులకు పోయి నీరుగంట్లను వెదకుదునని చెప్పెను. అతని పలుకు మరల బుక్కపట్నపు పలుకై యుండెను. తొడుగు మరువవద్దని మాత్రము మేము చెప్పితిమి.

శ్రోతలారా, మీ యింటనో, మీ వీథిలోనో ఇట్టి విద్య నేర్చు పిల్లలుండవచ్చును. వారు మైకు పట్టుకొని మీ వద్దకు వచ్చినచో, మీ మాటలోనే మాట్లాడుడు. సెలవు.