షో పైసలకు లెక్క ఉంటేనే ధీమా
(పార్ట్‌టైం కళాకారులకు రిజిస్ట్రేషన్, పన్ను విషయాలు – రామగిరి మండల లబ్ధిదారుల అవగాహన సదస్సులో ప్రసంగ పాఠం)



మీలో చాలామందికి పగలు ఓపెన్‌కాస్టు మీద కాంట్రాక్టు పని, ఆటో, కూలి, కుట్టుమిషన్. సాయంత్రమైతే ఒగ్గుకథ, డప్పు, కోలాటం, ఆర్కెస్ట్రా. డిసెంబర్ 23న సింగరేణి డే అయినా, బతుకమ్మ అయినా, మీరు లేనిదే సభకు కళ రాదు. అయితే రిజిస్ట్రేషన్ అనగానే మీరు అడిగే మాట ఒకటే: "రేషన్ కార్డు పోతదా సార్?"

రిజిస్ట్రేషన్ నంబరు ఆదాయం కాదు. కార్డుకు చూసే ఆదాయ పరిమితి కుటుంబానికి ఏడాదికి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇబ్బంది నంబరుతో రాదు, లెక్క లేకపోవడంతో వస్తుంది. ఎట్లాగో చూడండి.

ఒక లెక్క చూద్దాం

8 మంది డప్పు బృందం అనుకోండి. షోకు 60,000 రూపాయలు, ఏడాదికి 12 షోలు. పైసలన్నీ టీం లీడర్ ఖాతాలో పడతాయి. అంటే ఆయన పాన్ మీద 7,20,000 కనిపిస్తాయి. నిజానికి ఆయన వాటా 90,000 మాత్రమే. మిగతా 6,30,000 ఏడుగురికి పంచారని కాగితం ఏది? అది లేకపోతే, కాగితాల మీద ఆ మొత్తమంతా ఆయన సంపాదనే.

ఇంకొకటి. పెద్ద సంస్థలు, ఈవెంట్ నిర్వాహకులు పైసలిచ్చేటప్పుడు టీడీఎస్ పట్టుకుంటారు. కాంట్రాక్టు కింద రాసుకుంటే 1 శాతం, వృత్తి సేవ కింద రాసుకుంటే 10 శాతం. పాన్ ఇవ్వకపోతే 20 శాతం. మన లెక్కలో 10 శాతం అంటే ఏడాదికి 72,000. అవి లీడర్ ఒక్కడివి కావు, ఒక్కొక్కరివి 9,000. పన్ను పడేంత ఆదాయం లేకపోతే ఆ పైసలు తిరిగి వస్తాయి. కానీ రిటర్న్ వేస్తేనే వస్తాయి. వేయకపోతే అక్కడే ఉండిపోతాయి. వచ్చినప్పుడు కూడా లీడర్ ఖాతాలోనే పడతాయి కాబట్టి ఎవరి వాటా ఎంతో ముందే రాసి ఉండాలి.

పన్ను ఎప్పుడు పడుతుంది?

రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో ఆదాయం 12 లక్షల దాకా ఉన్నవారికి పన్ను పడదు. అయితే ఏడాదిలో టీడీఎస్ 25,000 దాటితే (60 ఏళ్లు నిండినవారికి 50,000) రిటర్న్ తప్పనిసరి. జీతం ఉన్నవాళ్లు షో పైసలు కూడా అందులో చూపాలి. ఐటీఆర్-1 ఫారం మీకు పనికిరాదు. సింగరేణిలో పర్మినెంటు ఉద్యోగులైతే, బయట షోలు చేసే ముందు మీ ఆఫీసులో అనుమతి సంగతి అడగండి.

జీఎస్టీ: ఏడాదికి మొత్తం 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. జానపద, శాస్త్రీయ సంగీతం, నృత్యం, నాటకం ప్రదర్శించే కళాకారుడికి ఒక ప్రదర్శనకు లక్షన్నర దాకా అసలు జీఎస్టీయే లేదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు, డీజేకు ఈ మినహాయింపు వర్తించదు. కానీ 20 లక్షల పరిమితి వారికీ ఉంది.

ఉద్యం రిజిస్ట్రేషన్

2020 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్, ఆధార్‌కు లింకైన ఫోన్ ఉంటే చాలు, ఏ కాగితమూ అప్‌లోడ్ చేయనక్కర్లేదు. కళలు, వినోదం సేవల కింద నమోదు చేసుకోవచ్చు. కొత్త డప్పులకో, మైక్ సెట్‌కో ముద్రా శిశు లోన్ (50,000 దాకా, పూచీకత్తు లేకుండా) అడిగేటప్పుడు ఈ సర్టిఫికెట్ మీ పనికి ఒక రుజువు. ప్రభుత్వ సైటు పేరు చివర జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. ఫీజు కట్టమనే సైటులో మీ ఆధార్ నంబరు కొట్టకండి.

ఇంటికి పోగానే చేయండి

1. ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, ఊరు, ఎవరు పిలిచారు, ఎంత వచ్చింది, ఎంత కోశారు, ఎవరికి ఎంత ఇచ్చారు రాసి, ప్రతి ఒక్కరి సంతకం తీసుకోండి.
2. వాటాలు వీలైనంతవరకు ఫోన్‌పే, గూగుల్ పే ద్వారానే పంపండి. బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం.
3. షో ఒప్పుకునేటప్పుడే "టీడీఎస్ ఎంత కోస్తారు, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?" అని అడగండి.
4. పాన్ లేనివాళ్లు వెంటనే తీసుకోండి. ఆధార్ ఉంటే ఇన్‌కం ట్యాక్స్ సైటులో ఈ-పాన్ ఉచితం.

డప్పు వాయించేటప్పుడు ఒక్క దెబ్బ తప్పినా మీకు తెలుస్తుంది. పైసల విషయంలోనూ అంతే పట్టింపు ఉండాలి. మీరు లీడర్ అయితే ఆ నోటుబుక్కు మీ రేషన్ కార్డును కాపాడుతుంది. బృందంలో సభ్యులైతే మీ 9,000 కాపాడుతుంది. ఈ పీడీఎఫ్‌ను మీ బృందం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. చదవడం రాని పెద్దలకు ఒకసారి చదివి వినిపించండి.