నాగటిచాలు క్రింది ట్రాయ్ కథ



ఇంగ్లండులో రట్లండు అను చిన్న మండలము కలదు. 2020లో కరోనా వ్యాధి మూలమున జనులు ఇండ్లు విడువరాని దినములలో, అచ్చటి యొక రైతు కుమారుడు ఇంటివారితో పొలములో తిరుగుచుండగా, గోధుమపైరు నడుమ వింత కుండపెంకులు కొన్ని కంటబడినవి. మన పొలములలోను నాగలికి పెంకులు తగులుచునే యుండును. గట్టుపైకి విసరివేయుట పరిపాటి. అతడట్లు చేయక, ఉపగ్రహము తీసిన ఛాయాచిత్రములలో తన పొలమును వెదకి చూచెను. పైరులో గీత గీచినట్లు కట్టడపు జాడ కానవచ్చెను. నేల క్రింద రాతిగోడ యున్నచోట పైరు గిడసబారును. పూడిన కందకమున్నచోట ఏపుగా నెదుగును. అతడు స్థానిక పురావస్తు అధికారులకు తెలియజేసెను. లీసెస్టరు విశ్వవిద్యాలయమువారు వచ్చి త్రవ్విరి.

బయల్పడినది క్రీ.శ. 3, 4 శతాబ్దుల నాటి రోమను విల్లా. విల్లా యనగా విలాసగృహమని మాత్రమే తలపరాదు. ధాన్యపుకొట్లు, స్నానశాల, చుట్టును కందకము గల పెద్ద కమతమునకు అది నడిబొడ్డు. అందలి విందుశాల నేలపై 11 మీటర్ల పొడవు, దాదాపు 7 మీటర్ల వెడల్పున రంగురాళ్ల చిత్రమొకటి పరచియున్నది. అకిలీసు హెక్టరుతో పోరుట, అతని శవమును రథమునకు గట్టి యీడ్చుట, ముసలితండ్రి ప్రయాము బంగారమిచ్చి కొడుకు శవమును విడిపించుకొనుట అందలి ఘట్టములు. కడపటి ఘట్టమున శవమును త్రాసులో బంగారముతో తూచుచున్నారు. హోమరు కావ్యమున నిట్లు జరుగదు. ఇది ఈస్కిలసు రచించి కాలగర్భమున కలిసిన యొక నాటకము ననుసరించినదని 2025లో పరిశోధకులు ప్రకటించిరి. గ్రంథము నశించినను దాని కథ మారుమూల కమతగృహపు నేలపై నిలిచినదన్నమాట. గ్రంథాలయాభిమానులకు ఇంతకన్న ప్రియమైన వార్త యుండునా!

2021 నవంబరులో ఆ స్థలమును రక్షిత చారిత్రక స్థలముగా ప్రకటించిరి. అనుమతి లేక అచ్చట త్రవ్వుటయు, లోహశోధక యంత్రముతో వెదకుటయు నేరములు. పరిశీలన పిమ్మట చిత్రమును మరల మట్టితో కప్పివేసిరి. ఇది కొందరికి లోభత్వముగా దోచవచ్చును. కాని యిన్ని శతాబ్దులు దానిని కాచినది ఆ మన్నే. వానకును మంచుకును విడిచినచో రాళ్ల నడుమ సున్నము పట్టు వదలును. నాగార్జునకొండ కట్టడములు కొన్నింటిని జలాశయము నిండకమునుపే కొండపైకి తరలించి నిలిపిరి. అచ్చట భయము నీటివలన, ఇచ్చట నాగలివలన. లోతుదుక్కి దున్నిన కొలది గోడలును నేలలును చిట్లిపోవును. అందుచేత ఆ చేనిని పచ్చికబీడుగా మార్చుటకు అధికారులు రైతుతో కలిసి పూనుకొనిరి. పండుచేనిని పచ్చికకు విడుచుట రైతునకు చిన్నమాట కాదు.

అది సొంత పొలమగుటచే సందర్శకులకు ప్రవేశము లేదు. చూడగోరువారికి ఛాయాచిత్రములే శరణ్యము.