చేను దాకా వచ్చే తరంగం
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ పని గురించి పది నిమిషాలు చెప్పు, అందరికీ అర్థమయ్యేటట్టు చెప్పు" అన్నారు నిర్వాహకులు. నా పని మొబైల్ టవర్ల రేడియో లెక్కలు. ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఫోన్‌లో గీతలు కనబడుతున్నాయి గదా, మాట ఎందుకు పోదు?" ఆ ప్రశ్నకే ఈరోజు జవాబు చెబుతాను.

రేడియో తరంగాలు భూమి లాంటివి. కొత్తగా పుట్టించలేం, ఉన్నదాన్నే పంచుకోవాలి. అవి ప్రజల ఆస్తి, ప్రభుత్వం వేలం వేస్తుంది. నల్లరేగడి, చెల్క ఒకటి కానట్టే తరంగాలన్నీ ఒకటి కావు. 700, 800, 900 మెగాహెర్ట్జ్ తరంగాలను లో బ్యాండ్ అంటాం. 700 మెగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 43 సెంటీమీటర్లు. పట్నాల్లో 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ అల పొడవు 9 సెంటీమీటర్లే. పొడవైన అల గుట్టను, చెట్టును, మిద్దెను కొంత చుట్టుకొని పోతుంది, గోడలోంచి లోపలికి వస్తుంది. అడ్డు లేని మైదానంలో కూడా, ఒకే దూరంలో, ఒకే తరహా యాంటెన్నాలతో 700లో అందే శక్తి 3300లో అందేదానికి సుమారు 22 రెట్లు.

ఇక గీతల సంగతి. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. మీ ఫోన్‌కున్న బలం వాటులో అయిదో వంతు. ఈ సభనే చూడండి. మైకు ఉంది కాబట్టి నా మాట చివరి వరుస దాకా వస్తోంది. అక్కడినుంచి మీరు అడిగేది నాకు వినబడదు. ఫోన్‌లో గీతలంటే టవర్ మాట మీకు వినబడుతోందని మాత్రమే. మీ మాట టవర్‌కు చేరుతోందని కాదు. ఆ చిన్న గొంతును దూరం మోసేది లో బ్యాండ్.

దానికో లోపమూ ఉంది. వెడల్పు తక్కువ. దేశంలో పెద్ద కంపెనీ జియోకు 700లో పోను పది, రాను పది మెగాహెర్ట్జ్ ఉంటే, 3300లో వంద ఉంది. 3300ది మండల కేంద్రం దాకా వచ్చే నాలుగు వరుసల రోడ్డు. 700ది చేను దాకా పోయే బండ్ల బాట. సాయంత్రం ఊరంతా వీడియోలు పెడితే బాట ఇరుకవుతుంది. అయినా చేనుకు పోవాలంటే బాటే కావాలి.

ఈ బాట మనకు ఆలస్యంగా ఎందుకు వచ్చింది? 2016 వేలంలో 700 బ్యాండ్‌కు దేశం మొత్తానికి ఒక్కో మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల రూపాయల కనీస ధర పెట్టారు. ఎవరూ కొనలేదు. 2021 మార్చిలో ధర తగ్గించి పెట్టినా కొనలేదు. 2022లో 3,927 కోట్లకు దించితే జియో ఒక్కటే 39,270 కోట్లకు పది మెగాహెర్ట్జ్ తీసుకుంది. 2023లో కేంద్రం బీఎస్ఎన్ఎల్‌కూ ఈ బ్యాండ్ కేటాయించింది. అంటే దూరం పోయే తరంగం ఆరేళ్లు బీడుగా పడి ఉంది.

ఆ ఆరేళ్లలోనే కరోనా వచ్చింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో యాదగిరి దూరదర్శన్, టీ-శాట్ ద్వారా పాఠాలు చెప్పారు. మంచి పనే. కానీ టీవీలో సార్ చెప్పేది పిల్లలు వినగలరు, పిల్లల సందేహం సార్‌కు వినబడదు. తిరిగి మాట్లాడే దారి లేని చదువు సగం చదువే. ఈ మాట నాకంటే ఇక్కడున్న గురువులకే బాగా తెలుసు.

మన నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉంది, తర్వాత మెదక్‌లో, 2016 నుంచి సంగారెడ్డిలో. ఎందులో ఉన్నా అంచునే. అంచున ఉన్న ఊళ్లలో ఇళ్లు తక్కువ, దూరాలు ఎక్కువ. టవర్ ఖర్చు రాదని కంపెనీ లెక్క చూపుతుంది. లో బ్యాండ్ ఆ లెక్కను మారుస్తుంది, ఎందుకంటే ఒకే టవర్ ఎక్కువ ఊళ్లను అందుకుంటుంది. పైగా ఇటువంటి ఊళ్ల కోసమే ఒక నిధి ఉంది. టెలికాం కంపెనీల ఆదాయంలోంచి, అంటే చివరికి మన రీచార్జి డబ్బులోంచి, పోగయ్యేదే అది. ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి 2022లో 26,316 కోట్ల పథకం మంజూరైంది. కాబట్టి మనం అడిగేది దయ కాదు.

అయితే అడిగే తీరు ఉండాలి. "టవర్ కావాలి" అంటే చాలదు. "ఉన్న టవర్ మీద ఏ బ్యాండ్ నడుస్తోంది? లో బ్యాండ్ ఎప్పుడు పెడతారు? కరెంటు పోతే బ్యాటరీ ఎన్ని గంటలు?" అని గ్రామసభ తీర్మానంతో రాతపూర్వకంగా అడగాలి. ఫోన్ కొనేటప్పుడు 4జీలో బ్యాండ్ 28, 5జీలో ఎన్28 ఉన్నాయో లేదో చూడండి. అవి 700 మెగాహెర్ట్జ్ గుర్తులు. ఆ బ్యాండ్ పట్టని ఫోన్‌కు పక్కన టవర్ ఉన్నా ఆ తరంగం అందదు.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో ఊరి సిగ్నల్ పటం గీయిద్దాం. చాలా ఫోన్ల సెట్టింగుల్లో సిమ్ స్టేటస్ దగ్గర సిగ్నల్ బలం డీబీఎంలలో కనబడుతుంది. 4జీలో మైనస్ 85 వస్తే బాగున్నట్టు, మైనస్ 115 వస్తే మాట తెగినట్టే. బడి, దవాఖాన, రేషన్ షాపు, ప్రతి వాడ, మంజీరా వైపు చేలు, అన్నిచోట్లా పొద్దున, సాయంత్రం రాసుకుంటే నెలలో పటం తయారవుతుంది. పిల్లలకు భౌతికశాస్త్రం చేతికి వస్తుంది, తీర్మానానికి లెక్క తోడవుతుంది. కొలిచే పద్ధతి నేర్పడానికి నేను వస్తాను. సెలవుల్లో తేదీ మీరే చెప్పండి.