చేతిమారిన కారునకు చక్రము మార్చు సామగ్రి
(మన సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



హోసూరు, బాగలూరు, డెంకణికోట ప్రాంతములలో తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములకు బంధుత్వములు మూడు రాష్ట్రములలో వ్యాపించియున్నవి. పెండ్లి కుప్పములో, సీమంతము బెంగుళూరులో, గృహప్రవేశము చిత్తూరులో. అందుచేత మనలో పెక్కుమంది చేతిమారిన కారు నొకదానిని కొనుచున్నారు. అప్పుచేసి క్రొత్తది కొనుటకంటె ఇదియే మేలని మేమును తలంచుచున్నాము. అయితే కొనునపుడు ఇంజను చప్పుడు విందురు, రంగు చూతురు, కాగితములు తిరగవేయుదురు గాని, డిక్కీ అడుగుపలక ఎత్తి చూచువారు అరుదు. జాకీ లేదను సంగతి రాత్రి పదకొండు గంటలకు కృష్ణగిరి రహదారిమీద, ముసలివారును పిల్లలును కారులో ఉండగా, వెనుకనుండి లారీలు దూసుకొని వచ్చుచుండగా తెలియరాదు.

స్టెప్నీ అను మాటను గూర్చి ఒక ముచ్చట. 1904లో వేల్సు దేశమందలి లానెల్లీ పట్టణమున, స్టెప్నీ వీధిలో, డేవీస్ సోదరులు అదనపు చక్రమును తయారుచేసి ఆ వీధి పేరుతోనే అమ్మిరి. ఆ సరకు పోయినది, మాట నిలిచినది. మనము అంగడిలో తమిళమున అడిగినను, కన్నడమున అడిగినను, తెలుగున అడిగినను అది స్టెప్నీయే. ఈ ఒక్క వస్తువు విషయమున మనకు భాషా సమస్య లేదు.

ఇక సామగ్రి. అన్నియు ఒకే పెట్టెలో అమర్చి అమ్మునవి అంగళ్లలో కలవు. వానిని కొనవలదని మా సలహా. అందులోని పానా మీ నట్టునకు పట్టునో లేదో, జాకీ మీ కారు క్రింద దూరునో లేదో పెట్టె చెప్పదు. ముందు కొలతలు తీసికొని, పిదప ఒక్కొక్కటిగా కూర్చుకొనుట చౌక.

మొదటిది పానా. చిన్న కార్ల చక్రపు నట్లు సాధారణముగా 17, 19, 21 మిల్లీమీటర్ల కొలతలలో ఉండును. మీది ఏదియో తొడిగి చూచి కొనుడు. అల్లాయ్ చక్రములకు నట్టు కూర్చుండు గుంట ఇరుకు గనుక మందపు పానా లోనికి పోదు. దొంగల భయమున కొందరు చక్రమునకు ఒక బీగపు నట్టు వేయింతురు. దానిని విప్పుటకు ప్రత్యేకమైన చిన్న బిళ్ల ఉండును. అమ్మినవాని వద్దనుండి ఆ బిళ్ల తీసికొనకున్నచో తక్కిన సామగ్రి అంతయు వ్యర్థమే.

పానాతో పాటు రెండడుగుల ఇనుప గొట్టము కావలెను. ఇది ఎందులకో వినుడు. చిన్న కారు నట్టు బిగింపు సుమారు పది కిలోగ్రాము-మీటర్లు. అడుగు పొడవు పిడిపై దానిని విప్పుటకు ముప్పదిమూడు కిలోల బలము వలయును; రెండడుగులైన పదునేడు చాలును. పైగా పంక్చరు అంగళ్లలో గాలి యంత్రముతో బిగించిన నట్లు ఇంతకు మించి బిగిసియుండును. గొట్టము తొడిగినచో మన ఇండ్ల ఆడువారు సైతము విప్పగలరు. కాని గొట్టము విప్పుటకే. బిగించుటకు వాడినచో బోల్టు సాగిపోవును. అంగడినుండి వచ్చిన తరువాత ఇంటివద్ద ఒకసారి నట్లు సడలించి, చేతి పానాతోనే తిరిగి బిగించుకొనుట మంచి అలవాటు.

రెండవది జాకీ. బాడుగ లారీలలో చూచిన సీసా జాకీని ఆశించువారు కలరు. రెండు టన్నుల సీసా జాకీ ముడిచిపెట్టినను ఏడంగుళముల వరకు ఎత్తుండును. గాలిపోయిన చక్రముతో కారు క్రిందికి కుంగినపుడు అది దూరక పోవచ్చును. మీ కారు రకమునకే చేసిన కత్తెర జాకీ మేలు. క్రొత్తది బెంగుళూరు జె.సి. రోడ్డులోను, పాతది శివాజీనగరు గుజిరీలోను వెదకవచ్చును. పాతదానిలో మర అరిగినదా, రేకులు వంగినవా, మేకులు వదులైనవా అని చూచి, కారు నెత్తి పది నిమిషములు నిలిపి పరీక్షింపవలెను. మరకు గ్రీజు రాయుడు. జాకీ పాదము క్రింద వేయుటకు అంగుళమున్నర మందపు చెక్క ఒకటి, చక్రములకు అడ్డుపెట్టుటకు రెండు కొయ్య చీలలు మన వడ్లంగి వద్దనే దొరకును. ఎడ్లబండికి రాయి పెట్టుట ఎరిగినవారికి దీనిని వివరింపనక్కరలేదు.

పనిలో క్రమము తప్పిన ప్రమాదము. హ్యాండుబ్రేకు వేసి, మొదటి గేరులో ఉంచి, ఎదుటి మూలనున్న చక్రమునకు ఇరువైపుల చీలలు పెట్టవలెను. నట్లను చక్రము నేలమీద నుండగానే పావు చుట్టు సడలింపవలెను. పైకెత్తిన పిమ్మట గొట్టము వేసి లాగినచో కారు జాకీమీదనుండి జారును. జాకీని తలుపు క్రింది అంచున గుర్తించిన చోటనే పెట్టుడు. ఎత్తగానే స్టెప్నీని కారు అంచు క్రింద పరుండబెట్టినచో, జాకీ జారినను కారు దానిమీద ఆగును. ఎవరును కారు క్రిందకు తల దూర్పరాదు. క్రొత్త చక్రము నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించి, దించిన తరువాత మరల బిగించి, ఏబది మైళ్లలోపల ఇంకొకసారి చూచుకొనవలెను.

స్టెప్నీకి నెలకొకసారి గాలి చూడుడు. దాని ప్రక్కన నాలుగంకెలు ఉండును: 1519 అన్నచో 2019వ సంవత్సరపు పదునైదవ వారమున చేసినదని అర్థము. ఎన్నడును వాడనిదైనను రబ్బరు ముసలిదగును. కొన్ని కార్లలో స్టెప్నీయే ఉండదు. ట్యూబులేని టైర్లు, గాలి కొలిచి తెలుపు పరికరము, పంక్చరు సామగ్రి ఉన్న కార్లకు అది అక్కరలేదని 2020లో నిబంధన మార్చిరి. అట్టి కారు కొన్నవారు పంక్చరు ముడులు, వానిని దూర్చు సూది, గాలి పంపు తప్పక ఉంచుకొనవలెను. ప్రక్కగోడ చీలిన ఆ ముడులు పనికిరావని మరువరాదు.

ఒక టార్చి, చేతితొడుగులు, ఎఱ్ఱని త్రికోణపు గుర్తు కూడ చేర్చుడు. త్రికోణమును కారునకు వెనుక ఏబది గజములకు తగ్గకుండ నిలిపి, ఇంటివారిని కమ్మీ అవతలికి పంపుడు. పోయిన చక్రము లారీలు పోవువైపున ఉన్నచో, సామగ్రి ఎంత ఉన్నను ఆ పనికి పూనుకొనక జాతీయ రహదారి సహాయపు నంబరు 1033కు ఫోను చేయుడు. అచ్చట ధైర్యము చూపుట తగదు.

జాకీ గుజిరీలో దొరికినచో ఇవన్నియు ఒక క్రొత్త టైరు ధరకు మించవని మా లెక్క. బిగింపు కొలుచు పానా మాత్రము ప్రియము. అది ప్రతి ఇంటికి అనవసరము. వీధికి ఐదారు కుటుంబములు కలిసి ఒకటి కొని, ఒక ఆదివారము పగటివేళ అందరును తమ తమ కారు చక్రమును ఇంటి ముంగిట ఒక్కసారి విప్పి బిగించి చూచుకొందురు గాక.