పోయిందని చెప్పడానికి భయపడొద్దు

(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు అప్పు ఎంత, వసూలు ఎంత అన్న లెక్కలు ఈ నివేదిక మొదటి పేజీల్లో ఉన్నాయి. కోశాధికారి చదివి వినిపించారు కూడా. మాకిచ్చిన సమయంలో వాటి జోలికి పోము. ఈ ఏడాది సంఘాల మీటింగులకు వెళ్లినప్పుడు ఎజెండాలో లేని మాట ఒకటి చివర్లో, చెప్పులు వేసుకునే దగ్గర బయటికొచ్చేది. "అక్కా, నా ఫోన్ పోయింది, ఇంట్లో చెప్పలేదు." "పాస్‌బుక్ కనిపిస్తలేదు, లీడర్‌కు చెప్పకు." ఆ మాట గురించే ఈ రోజు మాట్లాడదామని కార్యవర్గంలో అనుకున్నాం.

మన ఏ.ఎస్. రావు నగర్‌కు ఆ పేరు ఎట్లా వచ్చిందో పాతవాళ్లకు తెలుసు. 1967లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే కాలనీకి పెట్టారు. ఆ కంపెనీ ఉద్యోగులే ఇక్కడ ఇళ్లు కట్టుకున్న రోజుల్లో, బస్టాపులో గొడుగు మర్చిపోతే సాయంత్రానికి ఎవరో ఒకరు ఇంటికి తెచ్చి ఇచ్చేవాళ్లట. గొడుగు చూస్తేనే అది ఎవరిదో తెలిసేది. ఇప్పుడు ఎదురు ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలియదు. మనలో చాలామంది కాప్రా నుంచో కుషాయిగూడ నుంచో పొద్దున వచ్చి, ఇక్కడ పని చేసుకుని, చీకటి పడ్డాక వెళ్లేవాళ్లం. మనుషులు చెడిపోయారని మేము అనడం లేదు. వస్తువు దొరికిన మనిషికి ఇవ్వాలనే ఉంటుంది, ఎవరికివ్వాలో తెలియదు. పోగొట్టుకున్న మనిషి నోరు విప్పదు. మరి ఆ ఇద్దరూ కలిసేదెట్లా?

మన కుట్టు పని అక్క ఒకామె సంగతి చెప్తాం. పేరు చెప్పవద్దని ఆమె అడిగింది, జరిగింది మాత్రం అందరికీ చెప్పండి అంది. రాధిక చౌరస్తా దగ్గర షేరింగ్ ఆటో ఎక్కి ఈసీఐఎల్‌లో దిగింది. దిగి చూసుకుంటే ఫోన్ లేదు. మూడు నెలల కిందట భర్త కిస్తీల మీద కొనిచ్చిన ఫోన్. ఇంటికెళ్లి "చార్జింగ్ ఎక్కట్లేదు, రిపేర్‌కు ఇచ్చిన" అని చెప్పింది. నాలుగు రోజులు అదే మాట. ఈ లోపల ఏం జరిగిందంటే, ఫోన్ కవర్ వెనక ఆమె ఏటీఎం కార్డు పెట్టుకుంది. పిన్ మర్చిపోతానని చిన్న కాగితం మీద రాసి అదీ అక్కడే మడిచి పెట్టింది. నవ్వకండి, ఇక్కడ కూర్చున్న మనలో ఎంతమంది ఫోన్ల వెనక ఆ కార్డు ఉందో ఒకసారి తిప్పి చూసుకోండి. నాలుగో రోజు బ్యాంకుకు పోతే ఖాతాలో ఆరు వేలు తక్కువ. మెషీన్ కుట్టి కూడబెట్టిన డబ్బు. ఫోన్ పోయిన గంటలో చెప్పి ఉంటే కార్డు ఆపేవాళ్లు, ఆ ఆరు వేలూ మిగిలేవి.

ఆమె ఎందుకు చెప్పలేదు? ఇంట్లో తిడతారని. "నీకు జాగ్రత్త లేదు" అంటారని. మగవాళ్ల ఫోన్ పోతే "ఎవడో కొట్టేసిండు" అంటారు, మన ఫోన్ పోతే "ఎక్కడ పారేసుకున్నవ్" అంటారు. ఈ తేడా అందరికీ తెలిసిందే, దీని మీద ఎక్కువ మాట్లాడం.

ఇప్పుడు చేయాల్సింది వరసగా చెప్తాం. మొదట పక్కనున్న ఎవరి ఫోన్ నుంచైనా మీ నంబర్‌కు రింగ్ చేయండి. చాలాసార్లు ఆటో అన్నే ఎత్తుతాడు. ఎత్తకపోయినా, స్విచాఫ్ వచ్చినా ఇక ఆగొద్దు. సిమ్ కంపెనీకి ఫోన్ చేసి సిమ్ ఆపించాలి, ఎందుకంటే మన ఓటీపీలన్నీ దానికే వస్తాయి. వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల నంబర్. ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే వీలు అంత ఎక్కువ. ఆ తర్వాత పోలీస్ స్టేషన్‌లో గానీ మీసేవలో గానీ ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఆ రసీదు పారేయకండి, కొత్త సిమ్ నుంచి ఇన్సూరెన్స్ దాకా దాన్నే అడుగుతారు.

ఫోన్ తిరిగి దొరికే దారి కూడా ఒకటి ఉంది. దాని పేరు సీఈఐఆర్, కేంద్ర టెలికాం శాఖ నడిపేది. 2023 మే నెలలో దేశమంతటా తెచ్చారు, మన తెలంగాణ పోలీసులు అంతకు ముందు నెలలోనే వాడటం మొదలుపెట్టారు. ప్రతి ఫోన్‌కు ఐఎంఈఐ అని 15 అంకెల నంబర్ ఉంటుంది, రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు. ఆ నంబర్‌ను సీఈఐఆర్‌లో ఎక్కిస్తే ఫోన్ బ్లాక్ అవుతుంది, దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేయదు. ఎవరైనా సిమ్ వేసి చూస్తే ఆ కబురు పోలీసులకు చేరుతుంది. అట్లా వెనక్కి వచ్చిన ఫోన్లను పోలీసులు వరసగా బల్ల మీద పెట్టి సొంతదారులకు ఇవ్వడం పేపర్లో చూస్తూనే ఉంటాం. మనమే ఆన్‌లైన్‌లో ఎక్కించాలంటే ఓటీపీ కోసం అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ ఉండాలి. కొత్త సిమ్‌కు మెసేజ్‌లు రావడానికి ఒక రోజు పడుతుంది, అందుకని సిమ్ కోసం పండగ అయిపోయాక పోదాం అనుకోవద్దు. ఫోన్ దొరికితే బ్లాక్ తీయించాలి, లేకపోతే చేతిలో ఉన్నా పనికిరాదు.

ఇదంతా ఐఎంఈఐ నంబర్ తెలిస్తేనే. ఫోన్ పోయాక దాని కోసం అట్టపెట్టె వెతికితే, అది ఎప్పుడో చిత్తు బండిలో పోయి ఉంటుంది. ఇప్పుడే అందరూ ఫోన్ తీయండి. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కండి. వచ్చిన నంబర్ కాగితం మీద రాసుకోండి. (ఇక్కడ ఐదు నిమిషాలు ఆగాం. చదువు రాని అక్కలకు పక్కవాళ్లు రాసిచ్చారు.) సంఘంలో అందరి నంబర్లు మినిట్స్ బుక్ చివరి పేజీలో రాయాలని ఈ రోజు తీర్మానం పెడుతున్నాం. ఐఎంఈఐ మాత్రమే రాయాలి. ఏటీఎం పిన్, ఆధార్ నంబర్ అందులో రాయకూడదు.

ఇంకో సంగతి. పోవడం వేరు, ఎత్తుకుపోవడం వేరు. మన చెల్లెలు ఒకామె చేతిలోంచి బండి మీద వచ్చినవాళ్లు పర్సు లాక్కుపోయారు. ఆమె వెళ్లిన స్టేషన్‌లో "పోయిందని రాసియ్యమ్మా, తొందరగా అయితది" అన్నారట. ఇంకో చోట "ఇది మా ఏరియా కాదు" అన్నారు. లాక్కుంటే లాక్కున్నారనే రాయాలి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని వాటిలో ఉంది. ఒంటరిగా పోతే మాట గొంతులో ఆగుతుంది. అందుకని ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, సమాఖ్యకు కబురు చేస్తే మేమూ వస్తాం.

ఆధార్ కార్డు పోతే కంగారు పడక్కర్లేదు, నంబర్ పోదు, 1947కు ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఇంటి కాగితాలు పోతే పోలీసు రసీదు తీసుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి పెట్టుకోవాలి. బంగారానికైతే బిల్లు, ఒక ఫొటో దాచుకోండి. పెళ్లి ఆల్బమ్‌లో గొలుసు కనిపిస్తున్న ఫొటో కూడా పనికొస్తుంది. దొంగ దొరికినా వస్తువు మనదేనని చూపించుకోవాలి కదా. ఉంగరం చెత్త డబ్బాలో పడిందని అనుమానం వస్తే వెంటనే స్వచ్ఛ ఆటో వెంట పడాలి. చెత్త జవహర్‌నగర్ చేరిందంటే ఇక ఆశ లేదు.

ఇప్పుడు దొరికినవాళ్ల సంగతి. మనలో ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, చెత్త ఏరేవాళ్లు ఉన్నారు. వస్తువు ముందు కనిపించేది మన కళ్లకే, పోతే ముందు అనుమానం వచ్చేది కూడా మన మీదే. అందుకని దొరికిన వస్తువును ఒంటరిగా ఇంటికి తీసుకుపోవద్దు, మంచి మనసుతో అయినా సరే. అక్కడే ఇంకో మనిషికి చూపించి, వాచ్‌మన్‌కో లీడర్‌కో చెప్పి, ఆ రోజే స్టేషన్‌లో ఇచ్చి సంతకం తీసుకోండి. దాచి తిరిగి ఇవ్వడానికి తీసుకుంటే నేరం కాదని చట్టం చెప్తుంది. సొంతదారు ఎవరో తెలిసి కూడా వాడుకుంటే, లేదా వెతికే ప్రయత్నమే చేయకుండా వాడుకుంటే నేరమే. వాట్సాప్‌లో పెట్టేటప్పుడు "పర్సు దొరికింది" అని మాత్రం పెట్టండి. రంగు, అందులో ఎంత ఉంది అని రాస్తే ఐదుగురు నాదే అంటారు. ఆ రెండూ మీరు అడగాలి, వాళ్లు చెప్పాలి. అందులో ఉన్న ఆధార్ కార్డు ఫొటో మాత్రం గ్రూపులో పెట్టకండి.

చివరిది మా తప్పు గురించి. కార్యవర్గంలో కొందరికి ఇది ఇక్కడ చదవడం ఇష్టం లేదు. అయినా చదువుతున్నాం.

ఒక సంఘం కిస్తీ డబ్బు, 18,400 రూపాయలు, పాస్‌బుక్, మినిట్స్ బుక్ గుడ్డ సంచిలో పెట్టుకుని ఒక సభ్యురాలు బ్యాంకుకు బయలుదేరింది. బస్సులో సీటు కింద పెట్టిన సంచి దిగేటప్పుడు మర్చిపోయింది. ఆమె ఏడుస్తూ ఆ గంటలోనే మాకు ఫోన్ చేసింది. ఇంతసేపూ మేము చెప్పమంటున్న పని ఆమె చేసింది. మేమేం చేశామో వినండి. బస్టాపులో రెండు కొట్లలో అడిగాం. సాయంత్రం మీటింగ్ పెట్టాం. "నిజంగనే బస్సులో పోయిందా?" అని ఒకరన్నారు. "పోయిన నెల ఆమె బిడ్డకు ఫీజు కట్టాల్సి ఉండె" అని ఇంకొకరన్నారు. మేము ఆపలేదు. డబ్బు నెల రోజుల్లో కట్టాలని ఆమె చేత వేలిముద్ర వేయించుకున్నాం.

మూడో రోజు మన ఆర్పీ అడిగింది, టికెట్ ఉందా అని. 2023 డిసెంబర్ నుంచి బస్సు మనకు ఉచితం కాబట్టి జీరో టికెట్‌ను ఎవరూ పట్టించుకోరు, దిగగానే పారేస్తాం. ఆమె పర్సులో అది ఉంది. దాని మీద డిపో పేరు, తేదీ, టైము ఉన్నాయి. ఆ డిపోకు వెళ్లి అడిగితే సంచి అక్కడే ఉంది. కండక్టర్ అదే రోజు అప్పజెప్పాడట. లెక్కపెడితే ఒక్క నోటు తగ్గలేదు. పాస్‌బుక్ మీద పేర్లు చూసి, మనం సంఘం వాళ్లమని నిర్ధారించుకుని, రాయించుకుని ఇచ్చారు.

వేలిముద్ర కాగితం ఆమె ముందే చింపేశాం. క్షమించమని అడిగాం. ఆమె ఏమీ అనలేదు, టీ ఇచ్చింది. అప్పటి నుంచి పొదుపు డబ్బు పక్కింటామె చేతికి ఇచ్చి పంపుతోంది, మీటింగ్‌కు రావడం లేదు. ఈ రోజు కూడా రాలేదు.

ఇక మీద కిస్తీ డబ్బుతో ఒక్కరే వెళ్లకూడదని, ఇద్దరు వెళ్లాలని, ఏదైనా పోతే మొదటి మూడు రోజులు వెతకడం తప్ప ఎవరినీ ప్రశ్నించకూడదని రెండో తీర్మానం పెడుతున్నాం. చేతులెత్తి ఆమోదించాలి.

వచ్చే నెల మీటింగ్‌కు పిలవడానికి మేము ఈ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్తున్నాం. ఆ రోజు ఆ మాటలన్నవాళ్లు వస్తామంటే, సభ అయ్యాక గేటు దగ్గర ఆగండి, కలిసి పోదాం.