సముద్రపు గడ్డి మొలకకు ఏం కావాలి?



నీటి అడుగున వేరూని, పూచి, గింజ కట్టే గడ్డి ఒకటి సముద్రంలో ఉంది. మన పులికాట్ సరస్సులోనూ ఉంది. రొయ్యపిల్లలకు, చేపపిల్లలకు అదే నీడ, అక్కడే మేత.

బొగ్గు, చమురు కాల్చగా వచ్చే బొగ్గుపులుసు గాలిలో సుమారు నాలుగోవంతును సముద్రం పీల్చుకుంటోంది. అందువల్ల నీటి క్షారగుణం తగ్గుతోంది. యంత్రపరిశ్రమలు రాకముందు 8.2 ఉన్న ఉదజని సూచిక ఇప్పుడు 8.1కి దిగింది. అంకెలో తేడా చిన్నదే గాని, ఆమ్లత్వం నాలుగోవంతుకు పైగా పెరిగినట్టు లెక్క.

ఇది లేత గడ్డికి చేటా, మేలా? ఆల్చిప్పలకు, నత్తలకు చేటే; చిప్ప కట్టడం కష్టమవుతుంది. గడ్డికి మాత్రం ఆ గాలి ఆహారం. ఇటలీలో ఇస్కియా దీవి దగ్గర, అగ్నిపర్వతపు బొగ్గుపులుసు గాలి బుడగలుగా పైకొచ్చేచోట కూడా గడ్డి దట్టంగానే పెరుగుతోంది.

అయితే ఎరువు వేశాం కదా అని నీడలో నారు ఎదుగుతుందా? ఇదీ అంతే. నీరు బురదైతే ఎండ అడుగుకు దిగదు. గింజలోని నిల్వ తీరగానే మొలక నీరసిస్తుంది.

కనుక చేలోని మట్టి, మిగులు ఎరువు సరస్సులోకి పోనీయకండి. ఎరువు కలిస్తే పాచి కమ్ముతుంది. గడ్డి మీద వల ఈడ్వకండి. లోకంలోని పొగంతా ఆపడం మన ఒక్కరివల్ల కాదు. నీటిని తేటగా ఉంచడం మాత్రం మన చేతిలో పనే.